ఇంటిపేరు లేని మనుషుల వెంట: బెజవాడ నుంచి వేటపాలెం దాకా

సోమవారం, బెజవాడ

1819లో మద్రాసు రెవెన్యూ బోర్డు తన కలెక్టర్లను ఒక సంగతి అడిగింది. మీ జిల్లాలో బానిసలున్నారా, ఉంటే వాళ్ల బతుకు ఎలా ఉంది? తంజావూరు, మలబారు, కెనరాల నుంచి పొడుగాటి జవాబులు వెళ్లాయి. తెలుగు జిల్లాల నుంచి వెళ్లినవి పొట్టివి. భూమితో పాటు చేతులు మారే వ్యవసాయ బానిసలు మా వైపు లేరన్నది వాటి సారాంశం. రెండు వందల ఏళ్లు దాటాక ఇవాళ పొద్దున నెహ్రూ బస్టాండులో, ఇడ్లీ ప్లేటు చేత్తో పట్టుకుని మా బాబాయి అదే జవాబు చెప్పాడు.

"బానిసలేంటమ్మాయ్, మన ఊళ్లల్లో? పాలేర్లుండేవాళ్లు. అది వేరు."

బాబాయిది చేబ్రోలు దగ్గర పల్లె. రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యాడు. హైదరాబాదు నుంచి ఒక్కదాన్నే ఎండలో పడి తిరుగుతానేమోనని తోడు వచ్చాడు. నేను చరిత్ర చెప్పుకుని బతుకుతున్నదాన్ని. తెలుగు నేల మీద బానిసత్వాన్ని పొలాల్లో వెతికితే కలెక్టర్లకు దొరికినట్టే దొరుకుతుంది, అంటే దొరకదు. ఇళ్లల్లో వెతకాలన్నది నా పట్టుదల. వంటింటి వెనక వసారాలో, పెళ్లిలో పిల్లతో పాటు పంపిన మనిషిలో, ఆస్తి పంపకాల్లో. బోర్డు అడిగింది పొలాల గురించి. ఆడవాళ్ల సంగతి విడిగా అడగాలని ఎవరికీ తట్టినట్టు లేదు.

పగలంతా రామమోహన గ్రంథాలయంలో గడిచింది. 1914లో ఆంధ్రదేశపు గ్రంథాలయాల వాళ్లు మొదటిసారి సభ పెట్టుకున్నది ఈ ఊళ్లోనే. కంపెనీ సర్వేయరు మెకంజీ మనుషులు ఊరూరా రాయించిన కైఫియత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు, గుంటూరు జిల్లావి, నోట్సులో ఉన్నవాటిని మరోసారి సరిచూసుకున్నాను. కరణాలు రాసిచ్చిన ఆ కథల్లో ఊరు ఎవరు కట్టారో, చెరువు ఎవరు తవ్వించారో, ఏ దేవుడికి ఎంత మాన్యమో ఉంటుంది. ఆడవాళ్లు రాణులుగా, దాతలుగా, గుడిలో ఆడిపాడి మాన్యం తిన్నవాళ్లుగా కనిపిస్తారు. దొడ్డి ఊడ్చినవాళ్లు కనిపించరు. కరణం గారికి వాళ్లు కథలో భాగం అనిపించలేదు, అంతే.

సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీద గాలికి నిలబడ్డాం. ఇప్పుడున్నది 1957 నాటిది. అంతకు ముందు ఇక్కడ 1855లో పూర్తయిన ఆనకట్ట ఉండేది. ఆనకట్ట కథ ఎవరు చెప్పినా గుంటూరు కరువు దగ్గర మొదలుపెడతారు. నందన నామ సంవత్సరం, 1832-33, డొక్కల కరువు. జిల్లాలో 5 లక్షల జనం ఉంటే సుమారు 2 లక్షల మంది పోయారని అంచనా. సరిగ్గా ఆ 1833 ఆగస్టులోనే లండన్ పార్లమెంటు బానిసత్వాన్ని రద్దు చేస్తూ చట్టం చేసింది. కరిబియన్ దీవుల చెరకు తోటలకు అది వర్తించింది. ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని నేలను మాత్రం మినహాయించారు. ఇటు గుంటూరులో గింజ లేక జనం రాలిపోతున్నారు, అటు చట్టం ఇక్కడికి రానక్కర్లేదని రాసుకుంటున్నారు.

కరువులో బిడ్డను ఇచ్చేయడం ఈ దేశంలో దాసీలు తయారయ్యే పాత దారుల్లో ఒకటి. అందులో ఇచ్చినవాళ్లూ పుచ్చుకున్నవాళ్లూ కూడా బిడ్డను బతికించామనే చెప్పుకుంటారు. ఆ మాటలో అబద్ధం లేకపోవడమే చిక్కు.

మంగళవారం, అమరావతి

ఉండవల్లి, తుళ్లూరు మీదుగా బస్సు. సగం లేచిన రాజధాని భవనాలు, మళ్లీ తిరుగుతున్న క్రేన్లు, వాటి పక్కనే మిరప కళ్లాలు. ఎర్రటి కాయలు ఎండబోసి ఉన్నాయి. కిటికీ మూసినా ఘాటు ఆగదు, బస్సంతా తుమ్ములు.

మ్యూజియంలో నేను వెతుక్కుంటూ వెళ్లింది శిల్పాల కోసం కాదు, వాటి కింద గీసిన పేర్ల కోసం. అమరావతి స్తూపానికి రాళ్లిచ్చినవాళ్లలో రాజులకన్నా మామూలు గృహస్థులు, భిక్షుణులు, ఉపాసికలు ఎక్కువగా కనిపిస్తారు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది విధికుడి శాసనం. అతను చర్మకారుడు. నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకు. పూర్ణఘటం చెక్కిన పలక ఇచ్చాడు. ఇస్తూ, తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్లతో, చుట్టాలూ స్నేహితులతో కలిసి ఇస్తున్నానని చెక్కించాడు. తోలు పని చేసేవాడికి రాయి మీద ఇంత పెద్ద కుటుంబం ఉండడం ఆ తర్వాతి పద్దెనిమిది వందల ఏళ్లలో ఎన్నిసార్లు జరిగి ఉంటుంది? కుటుంబం ఉండడం వేరు, దాన్ని నలుగురూ చదివేలా చెప్పుకోగలగడం వేరు. బానిసకు మొదట పోయేది ఈ రెండోదే.

ఈ స్తూపపు రాళ్లు చాలావాటిని 1845లో తవ్వించి మద్రాసు పంపినవాడు వాల్టర్ ఇలియట్. ఆ రోజుల్లో ఆయన గుంటూరు వచ్చింది తవ్వకాల కోసం కాదు. జిల్లా కచేరీలో లెక్కలు ఎందుకు తారుమారవుతున్నాయో విచారించడానికి కమిషనరుగా వచ్చాడు. గ్రామాల లెక్కలు కచేరీ ఉద్యోగుల గుప్పిట్లో చిక్కుకుని, పైనున్న దొరకు ఏది నిజమో తెలియని స్థితి. అమెరికన్ చరిత్రకారుడు రాబర్ట్ ఫ్రైకెన్‌బర్గ్ 1788 నుంచి 1848 దాకా గుంటూరు జిల్లా మీద చేసిన పరిశోధన అంతా ఈ చుట్టూనే తిరుగుతుంది. అటువంటి కచేరీ నుంచి "మా దగ్గర లేదు" అని జవాబొస్తే దాన్ని ఎంతవరకు నమ్మాలి? ఈ మాట బాబాయితో అన్నాను. ఆయన ముప్ఫై ఏళ్లు రెవెన్యూలో చేసినవాడు. నవ్వి, "పైనుంచి అడిగితే నిల్ రిపోర్టు పంపడమే సుఖం అమ్మాయ్, ఉందని రాస్తే మళ్లీ వంద ప్రశ్నలేస్తారు" అన్నాడు. నా పుస్తకాల్లో ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

అమరేశ్వరాలయంలో 1182 నాటి స్తంభం ఉంది. ధాన్యకటకాన్ని ఏలిన కోట వంశపు రాజు కేతుడు బుద్ధుడికి ఊళ్లిచ్చి, అఖండ దీపాలు పెట్టించాడు. ఈ ప్రాంతపు గుళ్లల్లో దీప శాసనాల పద్ధతి ఒకటే: ఇన్ని గొర్రెలో ఇన్ని ఆవులో ఇస్తాం, వీటిని ఫలానా బోయవాడు తీసుకుని రోజుకు మానెడు నెయ్యి పోయాలి, అతని తర్వాత కొడుకులూ మనవళ్లూ పోయాలి, సూర్యచంద్రులు ఉన్నంతకాలం. నేను వీటిని బానిసత్వమని అనను. మంద అతని చేతికి వచ్చింది, బతుకు తెరువు దొరికింది. కానీ ఒక మనిషి మాటకు పుట్టని మనవడు కట్టుబడిపోయాడు. బాకీ ఇంటికి అంటుకుంటుంది, తరం మారినా వదలదు. భక్తి కథగా చదివితే ఒకలా ఉంటుంది, బోయవాడి మనవడి వైపు నుంచి చదివితే ఇంకోలా.

తిరుగు దారిలో ఇటుక బట్టీలు. ఈ బట్టీల్లోకి ఒడిశా పడమటి జిల్లాల నుంచి కుటుంబాలు వస్తాయి, నువాఖాయి పండగ అయ్యాక అడ్వాన్సు తీసుకుని. ఆ అడ్వాన్సు ఒక మనిషికి ఇచ్చేది కాదు. మొగుడూ పెళ్లామూ ఒక పిల్లో పిల్లాడో కలిస్తే ఒక లెక్క. దానికి పథురియా అని పేరు కూడా ఉంది. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. బస్సు ఆగలేదు, నేనూ దిగలేదు. అది వేరే పరిశోధన అని నాకు నేను చెప్పుకున్నాను కానీ, ఎంత వేరో తెలియడం లేదు.

బుధవారం, గుంటూరు

బ్రాడీపేటలో ఒక వకీలు గారిల్లు. ఆయన నాయనమ్మ గారికి తొంభై దగ్గర. చెవి బాగానే పనిచేస్తోంది, జ్ఞాపకం నాకన్నా నయం. పుట్టిల్లు తెనాలి దగ్గర, భూములున్న రైతు కుటుంబం. ముందు రెండు గంటలు పెళ్లిళ్లు, బంధుత్వాలు, ఎవరి పిల్లను ఎవరికిచ్చారు అన్నదే నడిచింది. తొందరపెడితే ఈ పని సాగదు. అరటికాయ వేపుడుతో భోజనం అయ్యాక, పక్కన చేరి అడిగాను.

"మామ్మగారూ, మీ అమ్మమ్మగారు కాపురానికి వచ్చేటప్పుడు తోడుగా ఎవరైనా వచ్చారా?"

"రాకేం? అరణంగా పంపారుగా." పేరు చెప్పారు. ఇక్కడ రాయను.

ఆ మనిషి ధాత కరువు నాటి బిడ్డట. అంటే 1876-77. కడుపులో ఉన్నప్పుడో పురిట్లోనో, తల్లి ఆ ఇంటి గుమ్మంలో కూలబడిపోతే గింజలిచ్చి లోపలికి పిలిచారు. తర్వాత తల్లి పోయింది, పిల్ల మిగిలింది. ఆ ఇంటి ఆడపిల్లకు పెళ్లయి అత్తవారింటికి వెళ్తుంటే, ఈడుదే కదా అని దీన్నీ పంపారు. మామ్మగారు చిన్నపిల్లగా చూసేనాటికి ఆవిడకు డెబ్భై ఉంటాయి. పిల్లలందరూ చిన్నమ్మమ్మ అనేవారు.

"చిన్నమ్మమ్మ ఎక్కడ తినేది?"

"అందరిదీ అయ్యాక. వసారాలో."

"పెళ్లయిందా?"

"ఎవరు చేస్తారమ్మా?"

"పిల్లలు?"

మామ్మగారు మనవడి వైపు చూశారు. ఆయన కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. "ఒక కొడుకు. తాతయ్య పోలిక అనేవాళ్లు. మీసాలొచ్చేసరికి రంగం పంపించేశారు. మళ్లీ రాలేదు." రంగం అంటే బర్మాలోని రంగూను.

ఇంటిపేరేమిటని అడిగితే ఆవిడకు ప్రశ్నే అర్థం కాలేదు. "దానికి ఇంటిపేరెక్కడిది?" అన్నారు. నిర్దయగా అనలేదు, ఆకాశం నీలంగా ఉందన్నంత మామూలుగా అన్నారు. చివరికి నేను అన్ని ఇళ్లల్లోనూ అడిగే ప్రశ్న అడిగాను. "ఆవిడ పోయినప్పుడు మైల పట్టారా?"

చాలాసేపు ఆలోచించారు. "తలమీద నీళ్లు పోసుకున్నాం. మైల పట్టలేదు. దహనం పాలేరు చేత చేయించారు. కట్టెలూ గుడ్డలూ ఖర్చంతా మా తాతయ్యదే, ఏం లోటు చెయ్యలేదు." ఆ ఆఖరి మాటలో కొంచెం గర్వం, కొంచెం ఇంకేదో.

మన దేశంలో ఎవరు మనవాళ్లు, ఎవరు కాదు అన్నది తేల్చే లెక్క ఇంత నికార్సైనది ఇంకొకటి లేదు. పిలుపులో అమ్మమ్మ, పురిట్లో మంత్రసాని పక్కన ఆవిడే, పిల్లల జ్వరాలకు రాత్రుళ్లు మేల్కొన్నదీ ఆవిడే. పది రోజుల మైలకు మాత్రం పనికి రాదు. కాగితాల్లో ఆవిడ ఎక్కడా లేదు. అప్పటికి మనిషిని బానిసగా కొనడం నేరం. 1843 నాటి ఐదో చట్టం, నాలుగే సెక్షన్లు, మనిషి మీద యజమాని హక్కును కోర్టులు గుర్తించవని చెప్పింది. కొన్నవాణ్ని శిక్షించింది లేదు. శిక్షలు శిక్షాస్మృతితో 1862 నుంచి అమల్లోకి వచ్చాయి. ధాత కరువు ఆ తర్వాతిది. కానీ ఆ ఇంట్లో ఎవరూ ఎవర్నీ కొనలేదే! తెచ్చుకున్నారు, పెంచుకున్నారు, పంపించారు.

ఇక్కడ వకీలు గారు నోరు విప్పారు. ధర్మశాస్త్రాల్లో దాసీపుత్రుడి సంగతి ఎత్తారు. మితాక్షర అనే ధర్మశాస్త్ర వ్యాఖ్యానం ప్రకారం శూద్ర కుటుంబంలో దాసికి పుట్టిన కొడుకుకు, తండ్రి పోయాక, అన్నదమ్ముల వాటాలో సగం వస్తుంది. బానిసత్వమే చట్టంలో లేనప్పుడు దాసి ఎవరు మరి? 1870లలో కలకత్తా హైకోర్టు, దాసి అంటే నిజంగా బానిస అయి ఉండాలి, ఇప్పుడు బానిసలు లేరు కాబట్టి ఆ హక్కూ లేదని తేల్చింది. మద్రాసు, బొంబాయి కోర్టులు ఒప్పుకోలేదు. శాశ్వతంగా ఇంట్లో ఉంచుకున్న స్త్రీ కొడుకైనా చాలన్నాయి. ఈ రగడంతా 1956 హిందూ వారసత్వ చట్టంతో ముగిసింది, అలాంటి కొడుక్కి తండ్రి ఆస్తితో సంబంధం తెగిపోయింది.

"అంటే ఆ కుర్రాడు ఇక్కడే ఉండి మద్రాసు హైకోర్టుకెళ్తే?" అన్నాను.

"వాటా వచ్చేది. అందుకే రంగం పంపి ఉంటారు" అన్నారాయన, తన నాయనమ్మ తాతగారి గురించి కాక ఎవరో కక్షిదారు గురించి మాట్లాడుతున్నట్టు. మామ్మగారు వినలేదు, లేదా విననట్టు ఊరుకున్నారు.

బానిసత్వ రద్దు దాసిని విడిపించిందో లేదో గానీ, కలకత్తా తీర్పు ప్రకారం ఆమె కొడుకు వాటాను ఎగరగొట్టింది. బెంగాల్ మీద ఇంద్రాణీ చటర్జీ చేసిన పరిశోధన చదివినవాళ్లకు ఈ మెలిక కొత్త కాదు. ముర్షిదాబాద్ నవాబుల ఇళ్లల్లో దాసీకీ చుట్టానికీ మధ్య గీత ఎలా జరుగుతూ ఉండేదో ఆమె చూపించింది. మున్నీ బేగం కథే తీసుకోండి. చిన్నప్పుడే అమ్ముడుపోయి, ఆటకత్తెగా పెరిగి, మీర్ జాఫర్ ఇంట చేరి, నవాబు తల్లి అయింది. 1772లో వారెన్ హేస్టింగ్స్ బాల నవాబు సంరక్షణ ఆమెకే అప్పజెప్పాడు. దాసి కావడం ఒకోసారి మెట్టు, ఒకోసారి గొయ్యి. నవాబు ఇంట్లో మెట్టు అయినది తెనాలి దగ్గర రైతు ఇంట్లో కాలేదు.

గురువారం, గుంటూరు

ఎండ దెబ్బకు సగం రోజు లాడ్జిలోనే. సాయంత్రం పాత మిషను ప్రాంగణం వైపు నడిచాను. పెన్సిల్వేనియా లూథరన్ల తరఫున హెయ్యర్ దొర 1842 జులై 31న గుంటూరు చేరాడు. ఆయన వచ్చిన దేశంలో అప్పటికి లక్షల మంది బానిసలు. వర్జీనియాలో 1662లోనే చట్టం చేశారు, బిడ్డ స్థితి తల్లి స్థితిని బట్టి ఉంటుందని. తండ్రి యజమానే అయినా బిడ్డ బానిసే. మితాక్షరలో దాసీపుత్రుడికి సగం వాటా అయినా ఉంది, అక్కడ అదీ లేదు. అలాగని మన దగ్గర మెరుగని చెప్పడానికి నాకు నోరు రాదు, రంగం పడవ ఎక్కిన కుర్రాడు గుర్తొస్తాడు.

మిషను వల్ల చరిత్రకారులకు కలిగిన మేలు బాప్తిస్మ రిజిస్టర్లు. మాల, మాదిగ పల్లెల్లో తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ వరుసలో రాసిపెట్టిన మొదటి కాగితాల్లో అవి ఉంటాయి. విధికుడి పలక తర్వాత ఇన్నాళ్లకు.

శుక్రవారం, చేబ్రోలు

బాబాయి సొంత ఇలాకా కాబట్టి ఇవాళ ఆయనదే పెత్తనం. నాగేశ్వరాలయం, భీమేశ్వరాలయం, చెరువు మధ్యలో చతుర్ముఖ బ్రహ్మ గుడి, అన్నీ తిప్పాడు. నాకు కావలసింది 1213 నాటి జాయపసేనాని శాసనం. కాకతి గణపతిదేవుడు దివిసీమ గెలిచాక, ఓడిన ఇంటి ఆడపడుచులు నారమ, పేరమలను పెళ్లాడి, వాళ్ల తమ్ముడు జాయపను తన ఏనుగు దళానికి అధిపతిని చేశాడు. ఆ జాయపే నాట్యశాస్త్రం మీద గ్రంథం రాసినవాడు, చేబ్రోలులో గుడి కట్టించి ఆటపాటల సానులకు ఇళ్లు ఏర్పాటు చేసినవాడు. అక్కచెల్లెళ్లు యుద్ధానికి ముడి వేసిన తాళ్లు, తమ్ముడికి అదే మెట్టు. నారమకు ఏమనిపించిందో ఏ రాయీ చెప్పదు.

సానులను దాసీలతో కలిపి చెప్పేవాళ్లంటే నాకు చిరాకు. కాకతీయుల నాటి శాసనాల్లో గుడి సానులు స్వయంగా దానాలు చేశారు. ఫలానా నాయకుడి కూతుర్నని, ఫలానా సెట్టి కూతుర్నని దర్జాగా చెప్పుకున్నారు. పెళ్లయినవాళ్లూ ఉన్నారు. తర్వాతి కాలపు దేవదాసి బతుకును వెనక్కి తీసుకెళ్లి వాళ్లకు తొడగడం చరిత్ర కాదు. అదే కాలంలో గుళ్లకు మనుషులను దానమివ్వడమూ దక్షిణాదిన జరిగింది. రెండూ పక్కపక్కన ఉన్నాయి, అంతే.

మధ్యాహ్నం బాబాయి పాత ఇంట్లో, వేపచెట్టు కింద మంచం మీద, నేను అడగకుండానే ఆయన మొదలుపెట్టాడు. వాళ్ల నాన్న దగ్గర పెద్ద పాలేరు ఉండేవాడు, ఏడాది జీతానికి. పెళ్లికి తీసుకున్న అప్పు తీరక అక్కడే ముసలివాడయ్యాడు. అతని భార్య పొద్దున్నే వచ్చి పేడకళ్లు తీసి, దొడ్డి ఊడ్చి, కుడితి కలిపి వెళ్లేది.

"ఆవిడకు జీతమెంత?"

"జీతమా? పాలేరు పెళ్లాం కదా." ఆగాడు. "కోతలప్పుడు చేటెడు గింజలు. పండక్కి మీ నాయనమ్మ పాత చీర."

"కొడుకు?"

"పశువుల్ని కాసేవాడు. నా ఈడే. నేను బళ్లోకి పోతుంటే గేటు దగ్గర గేదెల్తో నుంచునేవాడు." ఇంకాసేపటికి అన్నాడు, "అది వేరనే అనుకున్నానమ్మాయ్ ఇన్నాళ్లూ."

నేను జవాబు చెప్పలేదు. ఆయన చెబుతున్నది బానిసత్వమా, బాకీ కట్టుబడా అన్నది మా వాళ్లు సెమినార్లలో ఇంకా కొట్టుకుంటున్న విషయమే. కానీ మొగుడి జీతంలోనే పెళ్లాం చాకిరీ, కొడుకు కాపలా కలిసిపోయే లెక్క మంగళవారం చూసిన బట్టీల పథురియాకు దగ్గరి చుట్టం.

శనివారం, వేటపాలెం

బాపట్లలో ప్యాసింజరు రైలు. స్టువర్టుపురం దాటాం. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను తెచ్చి సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించిన ఊరు. ఆ చట్టం దేశమంతటా పూర్తిగా పోయింది స్వతంత్రం వచ్చాక, 1952లోనే. పుట్టుకతోనే నేరం అంటించడంలోనూ అదే తర్కం, ఇంటికి అంటుకుంటే తరం మారినా వదలదు.

వేటపాలెం సారస్వత నికేతనం 1918 నాటిది. పాత పత్రికల కోసం రాష్ట్రమంతా ఇక్కడికే వస్తుంది. పురుగు మందు వాసన, చెక్క మెట్ల చప్పుడు, బల్ల మీద దారాలు ఊడిన బైండింగులు. దేవదాసీల గురించి 1920ల చివర జరిగిన వాదోపవాదాలు చూశాను. 1929 చట్టం ఆ స్త్రీల మాన్యాలను గుడి చాకిరీ నుంచి విడదీసింది, 1947 చట్టం అంకితమివ్వడాన్నే నిషేధించింది. సంస్కర్తల వ్యాసాల్లో ఉద్ధరణ గురించి ఎంతో ఉంది. కళావంతుల ఇళ్లల్లో ఆస్తి కూతురికి దక్కేది, కూతురు లేకపోతే పిల్లను పెంచుకునేవారు. ఆ పెంపకాల్లో కొన్ని కొనుగోళ్లే. ఇల్లంతా ఆడవాళ్ల పేరు మీద నడిచే ఆ ఏర్పాటు పోయాక ఆస్తి ఎటు పోయింది, పెంచుకున్న పిల్లలు ఎటు పోయారు అన్నది మాత్రం వ్యాసాల్లో తక్కువ.

ఇంకొక పని కూడా పెట్టుకుని వచ్చాను. అమెరికాలో 1865 తర్వాత విడుదలైన బానిసలు పత్రికల్లో ప్రకటనలు వేశారు: అమ్మ ఫలానా చోట అమ్ముడుపోయింది, చెల్లెలు పేరిది, ఆచూకీ తెలిస్తే చెప్పండి అని. అలాంటిది తెలుగు పత్రికల్లో ఒక్కటైనా ఉందా అని ప్రకటనల పేజీలు తిప్పుకుంటూ పోయాను. తప్పిపోయిన కుర్రాళ్లున్నారు, పారిపోయిన భార్యల మీద భర్తల హెచ్చరికలున్నాయి, పోయిన ఎద్దులున్నాయి. రంగం నుంచి తల్లి కోసం రాసిన కొడుకు నేను చూసిన సంపుటాల్లో లేడు. చదువు రానివాడు ప్రకటన ఎలా వేస్తాడు, వేసినా వాళ్లమ్మ ఏ ఇంటిపేరుతో దొరుకుతుంది?

పన్నెండున్నరకు భోజనాల వేళ అని గుమస్తా గారు తలుపు దగ్గర నిలబడ్డారు. చిట్టీలు ఇచ్చేసి వచ్చాను. ఇక వెతకాల్సింది వీలునామాల్లో. పెద్దమనుషులు పోయేముందు "మా ఇంట్లో ఉన్న ఫలానా మనిషికి బతికినన్నాళ్లూ తిండీ గుడ్డా ఇవ్వవలసింది" అని రాసే అలవాటుంది, ఎందుకివ్వాలో మాత్రం రాయరు. ముందు తెనాలి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పాత పుస్తకాల నకళ్లకు అర్జీ పెట్టాలి. ఆ తర్వాత బందరు కోర్టు. ఏ కాలమ్‌లో ఏం రాస్తే కాగితం కదులుతుందో బాబాయికి తెలుసు, ఫారాలు ఆయనే నింపుతానన్నాడు.